టోనీ అయోమీ జీవితము – హెవీ మెటల్ సంగీతావిర్భావము: ఒక పరిశీలనము

సంగీతమున లక్ష్యము ముందు పుట్టును, లక్షణము తరువాత వచ్చునని పెద్దలు చెప్పుదురు. పాడువారు పాడిన పిమ్మట శాస్త్రకారుడు వచ్చి దానికి పేరు పెట్టును. రాజాస్థానములందును, దేవాలయములందును, భజనమందిరములందును పుట్టిన సంగీతములను గూర్చి మన పండితులు చాల వ్రాసిరి. కర్మాగారపు గోడప్రక్కన పుట్టిన సంగీతమును గూర్చి తెలుగున వ్రాసినవారు అరుదు. అట్టివానిలో హెవీ మెటల్ అను పేర ప్రపంచమంతట వ్యాపించిన సంగీతము ముఖ్యమైనది. ఇంగ్లండు దేశమున బర్మింగ్‌హామ్ నగరమున 1970 ప్రాంతమున దీనికి రూపము ఏర్పడెను. ఆ రూపమును తీర్చినవారిలో ప్రథముడుగా గణింపబడువాడు టోనీ అయోమీ అను గిటారు వాద్యకారుడు.

ఈ సంగీతమును గూర్చి రెండు అభిప్రాయములు లోకమున వ్యాప్తిలో నున్నవి. ఇది సంగీతమే కాదు, యంత్రముల రొద. పైగా దయ్యములను పూజించువారి కూత యని ఒకటి. అయోమీ చేతివ్రేళ్లు యంత్రమున పడి తెగుటచేతనే ఈ సంగీతము పుట్టినది, ఆ ప్రమాదమే లోకమునకు వరమైనది యని రెండవది. మొదటిది నిందించువారి మాట, రెండవది అభిమానుల మాట. ఆయన జీవితమును కాలక్రమమున పరిశీలించినచో ఈ రెండును నిలువవని తేలును.

జన్మస్థానము – వంశము

బర్మింగ్‌హామ్ లోహపు పనులకు పెట్టినది పేరు. జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ అనువారు ఆవిరియంత్రములను నిర్మించి లోకమునకు పంపినది ఈ నగరము నుండియే. బౌల్టన్ స్థాపించిన సోహో కర్మాగారము హాండ్స్‌వర్త్ అను భాగమున నుండెను. 1819లో మరణించిన వాట్ సమాధియు అచ్చటి చర్చిలోనే కలదు. ఆ హాండ్స్‌వర్త్‌లోనే 1948వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఆంథొనీ ఫ్రాంక్ అయోమీ జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను విమానములు ఈ నగరముపై బాంబులు కురిపించెను. రెండువేలకు పైగా జనులు మరణించిరి. యుద్ధము ముగిసి మూడేండ్లు కాకముందు పుట్టిన ఆ బాలునికి, అతని ఈడువారికి, కూలిన ఇండ్ల దిబ్బలే ఆటస్థలములయ్యెను.

అయోమీ వంశము ఇటలీ దేశమునకు చెందినది. తల్లి సిసిలీ ద్వీపమునందలి పలెర్మో నగరమున పుట్టినది. కుటుంబము ఆస్టన్ పేటలో చిన్న దుకాణము నడుపుకొనుచు జీవించెను. తండ్రి ఇంటివారిలో పలువురు అకార్డియన్ వాయించువారు. మన హార్మోనియమువలె తిత్తితో గాలినూది మెట్లు నొక్కి వాయించు ఆ వాద్యమే బాలునకు మొదట చేతికి వచ్చినది. పూర్వులు విడిచివచ్చిన దేశపు వాద్యము ఇంటిలోపల మ్రోగుచుండగా, వీధిలో అమెరికా నుండి వచ్చిన క్రొత్త గిటారు పాటలు వినబడుచుండెను. పరభాషాప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన కుటుంబములకు ఈ స్థితి వివరింప నక్కరలేదు. ఆయనకు డ్రమ్ములు వాయింపవలెనని కోరిక. కాని ఇల్లు ఇఱుకు, ధ్వని అధికము. అందుచే షాడోస్ అను వాద్యబృందమును, అందలి హ్యాంక్ మార్విన్ వాదనమును విని గిటారు చేపట్టెను.

ఆయన ఎడమచేతివాటమువాడు. ఈ విషయము ముందు కథకు ముఖ్యము. గిటారు వాయించువారు సాధారణముగా కుడిచేతితో తీగలు మీటుచు, ఎడమచేతి వ్రేళ్లతో మెట్లపై తీగలను నొక్కుదురు. ఎడమచేతివాటమువారికి ఇది తలక్రిందులగును. వైణికుని ఎడమచేతి వ్రేళ్లు ఏ పని చేయునో, ఆ పనిని అయోమీకి కుడిచేతి వ్రేళ్లు చేయవలెను.

ప్రమాదము

చదువు ముగించి ఆయన చిల్లరపనులు చేసి, లోహపు రేకుల కర్మాగారమున వెల్డింగు పనిలో కుదిరెను. సాయంకాలములందు చిన్న బృందములలో గిటారు వాయించెను. 1965లో, పదునేడేండ్ల వయస్సున, ఒక బృందముతో జర్మనీకి పోయి వాయించు అవకాశము లభించెను. కర్మాగారమున ఉద్యోగము చాలించుకొన్నాడు. అది చివరి దినము. మధ్యాహ్నము భోజనమునకు ఇంటికి వచ్చి, ఇక తిరిగి పోనని తల్లితో చెప్పెను. ఒప్పుకొన్న పని పూర్తిచేసి రావలెనని తల్లి పంపివేసెను.

ఆనాడు రేకులను నొక్కు పెద్ద యంత్రము నడుపు మనిషి పనికి రాలేదు. అలవాటులేని ఆ యంత్రమువద్ద ఆయనను నిలిపిరి. కాలితో త్రొక్కినచో యంత్రము పైనుండి దిగును. అది కుడిచేతిపై దిగెను. వెంటనే చేయి వెనుకకు లాగుకొనగా, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు – ఈ రెండింటి కొసలు తెగి యంత్రమునందే మిగిలెను. ఇక గిటారు మాట మఱచిపొమ్మని వైద్యులు చెప్పిరి.

ఈ సంఘటనమును విధివిలాసముగా వర్ణించుట సులభము. కాని ఇందు విధి చేసినది కొంచెము. శిక్షణములేని బాలుని ప్రమాదకరమైన యంత్రముకడ నిలుపుట, చేయి లోపల నున్నప్పుడు యంత్రము దిగకుండ రక్షణ లేకపోవుట – ఇవి మానవుల చేతలు. కోలారు బంగారు గనులందును, షోలాపూరు నేతశాలలందును తరములుగా పనిచేసిన తెలుగు కుటుంబములవారు ఈ భేదమును సులభముగా గ్రహింతురు. గాయము కార్మికునిది; దానికి విధి యని పేరుపెట్టినచో బాధ్యత ఎవరిదియు కాకపోవును.

నివారణోపాయము

నిరాశతో ఇంటనున్న యువకుని చూడ కర్మాగారపు అధికారి యొకడు వచ్చి, ఒక గ్రామఫోను రికార్డు వినుమని పెట్టెను. వినుటకు మొదట ఇష్టపడని అయోమీ విన్నాడు. విన్న పిమ్మట ఆ వాద్యకారుడు రెండు వ్రేళ్లతోనే వాయించుచున్నాడని అధికారి తెలిపెను. ఆ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్ (1910–1953). సంచారజీవులైన జిప్సీల కుటుంబమున పుట్టి, 1928లో తన బండియిల్లు తగులబడగా ఎడమచేతి రెండువ్రేళ్లు వంకరపోయి, మిగిలిన వ్రేళ్లతో అభ్యసించి ఐరోపాఖండమున జాజ్ సంగీతమునకు అగ్రగణ్యుడైనవాడు. ఒక వికలాంగుని రికార్డు మఱియొకనికి వైద్యుడు ఈయలేని ధైర్యమునిచ్చెను.

ధైర్యము మాత్రము చాలదు, ఉపాయము కావలెను. అయోమీ చేసిన ఉపాయము లోహపు పనివాని ఉపాయమే. పాత్రలు తోము ద్రవము నింపిన ప్లాస్టిక్ సీసాను కరగించి ఉండచేసి, వేడి సోల్డరింగు కడ్డీతో దానిలో రంధ్రము చేసి, ఉప్పుకాగితముతో వ్రేలి ఆకారము వచ్చువఱకు రుద్దెను. ఈ విధముగా దర్జీలు వాడు అంగుస్తానా వంటి రెండు తొడుగులు ఏర్పడెను. ప్లాస్టిక్ తీగపై జారిపోవుచుండుటచే, పాత తోలుకోటు ముక్క కత్తిరించి వానిపై అంటించెను. ఆ తోలు పదునుపడి తీగను పట్టుకొనుటకు చాల దినములు పట్టెను.

తొడుగులు వచ్చినవి, స్పర్శ రాలేదు. తొడుగు క్రింద తీగ ఎంత నొక్కుడుపడినదో వ్రేలికి తెలియదు, చెవి చెప్పవలెను. ఆనాటి గిటారు తీగలు మందమైనవి. వానిని నొక్కినప్పుడును, ప్రక్కకు లాగినప్పుడును నొప్పి పుట్టెడిది. సన్నని గిటారు తీగలు అంగడిలో దొరకకపోవుటచే, బాంజో అను వాద్యపు సన్నని తీగలను తెచ్చి గిటారునకు కట్టెను. సన్నని తీగల జత తయారుచేయుడని కర్మాగారములను కోరగా పెక్కురు నిరాకరించిరి. చివరకు వేల్స్ ప్రాంతపు సంస్థ యొకటి అంగీకరించెను. నేడు సన్నని తీగలు ప్రతి వాద్యముల దుకాణమునందును దొరకుచున్నవి.

స్వరముల కూర్పునందును మార్పు వచ్చెను. గిటారు వాయించువారు నాలుగైదు వ్రేళ్లుంచి పెక్కు స్వరములను ఒక్కసారి పలికింతురు. అయోమీకి అది కష్టమయ్యెను. అందుచే షడ్జమును పంచమమును మాత్రము జంటగా పలికించు పద్ధతిని అధికముగా నాశ్రయించెను. ఈ జంట మన చెవికి క్రొత్తది కాదు. తంబుర నిత్యము పలుకునది ఇదియే. ఆంప్లిఫయరుచే ధ్వనిని గరగరలాడించినపుడు పెక్కు స్వరముల కూర్పు కలగాపులగమగును. షడ్జపంచమముల జంట మాత్రము స్పష్టముగా, బరువుగా నిలుచును. ఈ పద్ధతిని అయోమీ కనిపెట్టలేదు; ఆయనకు పూర్వులును వాడిరి. కాని ఒక శైలికి పునాదిగా దానిని నిలిపిన కీర్తి ఆయనది.

బృందనిర్మాణము

1968లో అయోమీ, డ్రమ్ములు వాయించు బిల్ వార్డ్ కలిసి, ఆస్టన్ పేటకే చెందిన ఇద్దఱిని చేర్చుకొనిరి. గాయకుడు ఆజీ ఆస్బోర్న్. బాస్ గిటారు వాయించుచు పాటలకు మాటలు కూర్చువాడు గీజర్ బట్లర్. ఆస్బోర్న్ కబేళాలో పనిచేసినవాడు, మోటారుకార్ల హారనులకు శ్రుతిచూచు పనియు చేసినవాడు. బట్లర్ లెక్కల గుమాస్తాగా నుండినవాడు. ఆస్బోర్న్ బడిలో తనకంటె చిన్నవాడుగా అయోమీ ఎఱిగినవాడే. బృందము తొలినాళ్లలో ఎర్త్ అను పేరుతో అమెరికా నల్లజాతివారి బ్లూస్ పాటలను వాయించెను.

ఆ సంవత్సరము డిసెంబరులో అయోమీ కొలదికాలము జెత్రో టల్ అను ప్రసిద్ధబృందమున చేరెను. అచ్చట కీర్తి, ధనము రెండును సిద్ధముగా నుండెను. కాని అచ్చటివాడుగా ఆయన ఇముడలేదు; కొన్ని వారములకే తిరిగివచ్చెను. వచ్చుచు ఒక్కటి తెచ్చెను: ఉదయము తొమ్మిది గంటలకే సాధనకు కూర్చుండు నియమము. ఉద్యోగమునకు పోవు కార్మికునివలె సంగీతమునకు పోవలెనని ఆయన పట్టుపట్టెను.

సాధనశాల యెదుట సినిమాశాలలో ఇటలీ దర్శకుడు మారియో బావా 1963లో తీసిన భయానకచిత్రము ఆడుచుండెను. దాని ఇంగ్లీషు పేరు బ్లాక్ సబ్బాత్. జనులు డబ్బిచ్చి భయపడుటకు పోవుచున్నారు గదా, భయమును కలిగించు సంగీతమునకును శ్రోతలుండరా యను ఆలోచన వారికి కలిగెను. భయానకము నవరసములలో నొకటియని అంగీకరించు మనకు ఇది వింతకాదు. 1969 ఆగస్టులో బృందమునకు బ్లాక్ సబ్బాత్ అను పేరు స్థిరపడెను.

ప్రతిమధ్యమము

మొదటి ఆల్బము 1969 అక్టోబరు 16న లండనులో ఒక్క దినములోనే రికార్డు చేయబడెను. పని ప్రారంభమున అయోమీ గిటారు పికప్ చెడిపోగా, తోడుగా తెచ్చుకొన్న గిబ్సన్ ఎస్‌జీ గిటారుతో తక్కిన పాటలు వాయించెను. ఆనాటి నుండి ఆ జాతి గిటారు ఆయన గుర్తయ్యెను. 1970 ఫిబ్రవరి 13వ తేదీ శుక్రవారమున ఆల్బము వెలువడి, బ్రిటనులో ఎనిమిదవ స్థానము నందుకొనెను.

బృందము పేరు గల మొదటి పాటలోని ప్రధానవాద్యఖండము మూడు స్వరములే: మంద్రషడ్జము, దానిపై షడ్జము, పిమ్మట ప్రతిమధ్యమము. గుస్తావ్ హోల్స్ట్ గ్రహములను గూర్చి కూర్చిన వాద్యకృతిలోని అంగారకఖండమును బట్లర్ తన వాద్యముపై వాయించుచుండగా, దాని ప్రేరణమున అయోమీ దీనిని కల్పించెను. షడ్జమునకు ప్రతిమధ్యమమునకు నడుమనున్న అంతరమును ఐరోపా సంగీతశాస్త్రగ్రంథములు 18వ శతాబ్దమునుండి సంగీతమునందలి దయ్యమని పేర్కొనెను. చర్చి దానిని నిషేధించెనను కథ ప్రచారమున నున్నది గాని దానికి ఆధారము లేదు.

ఇచ్చట మన శాస్త్రముతో పోల్చి చూడదగినది. తంజావూరును తెలుగు నాయకరాజులు పాలించిన 17వ శతాబ్దమున, విజయరాఘవనాయకుని ఆస్థానమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికను రచించి 72 మేళములను నిర్ణయించెను. వానిలో సగము, అనగా 36 మేళములు, ప్రతిమధ్యమము గలవే. కల్యాణి 65వ మేళమునకు చెందినది. దానిని శుభకార్యములందు వాయింతురు, కచ్చేరీలందు ఆనందముతో విందురు. ఒక దేశమున దయ్యమైనది వేఱొక దేశమున కల్యాణి యగుచున్నది! కావున భయము స్వరమునందు లేదు, దానిని నిలుపు తీరునందున్నది. కల్యాణిలో ప్రతిమధ్యమమునకు చేరువనే పంచమము విశ్రాంతిస్థానముగా నుండును. అయోమీ వాద్యఖండమున ఆ విశ్రాంతి లేదు. విలంబకాలమున, మంద్రస్థాయిలో, గొప్ప శబ్దముతో ప్రతిమధ్యమముపై నిలిచి, దానిని కంపింపజేసి, అట్లే వదలివేయును. శ్రోత పంచమమునకై నిరీక్షించుచు భయపడును. ఇది రొద కాదు, స్వరస్వభావమెఱిగినవాని రసప్రయోగము.

నింద – సమాధానము

అదే సంవత్సరము సెప్టెంబరులో వెలువడిన రెండవ ఆల్బము పారనాయిడ్ బ్రిటనులో ప్రథమస్థానము పొందెను. పత్రికలలో సంగీతవిమర్శకులు పెక్కురు దీనిని మోటుదని తీసివేసిరి. మతవాదులు దయ్యపుపూజ యనిరి. పాటల విషయమును చూచినచో సంగతి వేఱుగా నున్నది. వార్ పిగ్స్ అను పాట వియత్నాం యుద్ధకాలమున వెలసిన యుద్ధనిరసనము; పేదలను రణమునకు పంపి తాము దాగియుండు పాలకులను దూషించును. హ్యాండ్ ఆఫ్ డూమ్ అను పాట యుద్ధమునుండి మాదకద్రవ్యములకు దాసులై వచ్చిన సైనికులను గూర్చినది. వేఱొక పాట అణుయుద్ధమును వర్ణించును. దయ్యము ఈ పాటలలో కనబడిన చోట పూజ్యముగా గాక, మానవులు చేయు చెడుగునకు సంకేతముగా కనబడును. బృందమువారు మెడలో ధరించిన శిలువలు ఆస్బోర్న్ తండ్రి అల్యూమినియముతో చేసి యిచ్చినవి. ఆయన పనిముట్లు చేయు కార్మికుడు. ఈ శిలువలను గూర్చి లోకము ఎన్ని కథలల్లినను, అవి ఒక తండ్రి తన చేతిపనితో కుమారుని మిత్రులకిచ్చిన రక్షలు.

పువ్వులను, శాంతిని పాడుచుండిన ఆనాటి అమెరికా పడమటితీరపు సంగీతము తమ జీవితమును తాకలేదని ఆ బృందమువారు పలుమాఱులు చెప్పియున్నారు. పొగగొట్టముల నడుమ పెరిగినవారికి ఆ పాట అసత్యముగా తోచుట సహజము.

శ్రుతి దించుట – ఒక విచారణ

ఇక అభిమానుల వాదమును విచారింపవలెను. తెగిన వ్రేళ్లకు నొప్పి కలుగకుండ అయోమీ తీగలను వదులుచేసెను, వదులుచేయగా ధ్వని మంద్రమయ్యెను, మంద్రధ్వనియే హెవీ మెటల్ అయ్యెను – అని వారి క్రమము. ఇందులో సత్యాంశము కలదు. 1971 జూలైలో వెలువడిన మూడవ ఆల్బము మాస్టర్ ఆఫ్ రియాలిటీలో కొన్ని పాటలకు గిటారు శ్రుతిని మూడు స్వరస్థానములు దించిరి. గిటారు అడుగుతీగ సెకనుకు సుమారు 82 కంపనములకు మాఱు 69 కంపనములతో పలికెను. తీగ బిగువు కంపనసంఖ్య యొక్క వర్గమును బట్టి మాఱును. కావున శ్రుతి ఆఱింట ఒకపాలు తగ్గినను, బిగువు నూటికి 29 పాళ్లు తగ్గును. వ్రేలికి ఇది గొప్ప ఉపశమనము.

కాని కాలక్రమమును చూడవలెను. మొదటి రెండు ఆల్బములలో శ్రుతి సామాన్యశ్రుతియే. బరువైన ధ్వని, విలంబగతి, ప్రతిమధ్యమప్రయోగము, షడ్జపంచమముల జంట – ఇవి అన్నియు శ్రుతి దింపకముందే సిద్ధించెను. ఆల్బము పేరు పొందినదియు, నిందపడినదియు ఆ ధ్వనిచేతనే. శ్రుతి దించుట ఆ ధ్వనిని ఇంకను గంభీరము చేసెను, పుట్టింపలేదు. మఱియు ఆ ధ్వనిలో సగము బట్లర్, వార్డుల చేతులలోనిది, ఆస్బోర్న్ ఆర్తకంఠమునందలిది. ఒక్క యంత్రప్రమాదము నుండి ఇంతయు పుట్టెననుట మిగిలిన మువ్వురకును, పూర్వులైన బ్లూస్ వాద్యకారులకును అన్యాయము.

ఇంకొక మాట కలదు. ఆ నగరమున యంత్రములకు వ్రేళ్లిచ్చిన కార్మికులు అయోమీ యొక్కడే కాడు. వారికి రికార్డు వినిపించినవారు లేరు. వారి పేర్లు ఎవరికి తెలియవు. ప్రమాదమే వరమైనచో వారందఱును వరము పొందియుండవలెను. గాయము ఏమియు సృష్టింపదు. గాయమునకు ఒక మనుష్యుడు చెప్పిన సమాధానము సృష్టించును. ప్లాస్టిక్ కరగించి, తోలు అంటించి, బాంజో తీగలు కట్టి, వ్రేలికి తెలియనిది చెవికి నేర్పిన ఆ దినములే ఈ చరిత్రమున ముఖ్యమైనవి.

ఉత్తరజీవితము

1972 నుండి బృందమునకు ధనము, కీర్తి, వానితో మాదకద్రవ్యములు వచ్చెను. ఈ దోషమునకు అయోమీయు అతీతుడు కాడు. 2011లో ప్రకటించిన ఆత్మకథలో ఆయన దానిని దాచలేదు. 1979లో ఆస్బోర్న్‌ను బృందము నుండి తొలగించిరి. రానీ జేమ్స్ డియో గాయకుడుగా 1980లో వెలువడిన హెవెన్ అండ్ హెల్ మరల విజయము తెచ్చెను. పిమ్మట గాయకులు, వాద్యకారులు పెక్కురు వచ్చిరి, పోయిరి. 1980ల మధ్యకు మొదటి నలువురిలో బృందమున మిగిలినవాడు అయోమీ యొక్కడే. బృందనామమును గూర్చి ఆస్బోర్న్‌తో న్యాయస్థానమునకు పోవలసిన దినములును వచ్చెను. 2010లో అది రాజీపడెను.

1997లో మొదటి నలువురు తిరిగి కలిసిరి; అప్పటి ప్రత్యక్షప్రదర్శనమున వాయించిన ఐరన్ మాన్ పాటకు 2000లో గ్రామీ బహుమానము వచ్చెను. 2006లో అమెరికా రాక్ సంగీతకీర్తిమందిరమున బృందమునకు స్థానము లభించెను. 2012 ప్రారంభమున అయోమీకి లింఫోమా అను క్యాన్సరు వ్యాధి యున్నదని తెలిసెను. చికిత్సల నడుమనే వాయించి పూర్తిచేసిన 13 అను ఆల్బము 2013 జూనులో వెలువడి, బ్రిటనులో ప్రథమస్థానము పొందెను. పారనాయిడ్ తరువాత ఆ బృందమునకు అచ్చట ఆ స్థానము మరల దక్కుటకు నలువదిరెండేండ్లకు పైగా పట్టెను.

ఈ సంగీతము ఇంగ్లండు ఎల్లలు దాటి స్వీడను, నార్వే, బ్రెజిలు, జపాను దేశములలో దేశీయరూపములు పొందెను. మన దేశమునకును వచ్చెను. బెంగుళూరు ప్యాలెస్ మైదానమున 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బృందములు వాయించిన సభలకు దేశపు నలుమూలల నుండి యువజనులు తరలివచ్చిరి. ఆ రెండును అయోమీ వేసిన బాటలో నడచినవే. మన పిల్లలు చెవులకు తగిలించుకొని వినుచున్న ఈ ధ్వనిని పెద్దలు రొదయని త్రోసివేయుటకు ముందు దాని పుట్టుకను తెలిసికొనుట యుక్తము.

స్వనగరమున ఆదరము

చిరకాలము ఈ సంగీతమును తనదిగా చెప్పుకొనుటకు సంకోచించిన బర్మింగ్‌హామ్ నగరము క్రమముగా దానిని స్వీకరించెను. 2019లో నగరమధ్యమున కాలువపై నున్న వంతెనకు బ్లాక్ సబ్బాత్ పేరు పెట్టిరి. 2022లో కామన్‌వెల్త్ క్రీడల ముగింపు ఉత్సవమున అయోమీ, ఆస్బోర్న్ కలిసి వాయించిరి. 2023లో బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే వారు ఈ పాటలతో నృత్యనాటకము ప్రదర్శించిరి. మోటుదని విమర్శకులు తీసివేసిన సంగీతము అర్ధశతాబ్దమునకు శాస్త్రీయనర్తకుల పాదములకెక్కెను.

2025 జూలై 5వ తేదీన ఆస్టన్ పేటలోని విల్లా పార్కు క్రీడామైదానమున మొదటి నలువురు కడపటిసారి కలిసి వాయించిరి. వారు పుట్టి పెరిగిన వీధులు అచ్చటికి కూతవేటు దూరమున నున్నవి. వ్యాధిచే నిలువలేని ఆస్బోర్న్ ఆసనమున కూర్చుండి పాడెను. పదునేడు దినములకు, జూలై 22న, ఆయన మరణించెను. డెబ్బదియేడేండ్ల అయోమీ ఆ సభయందును ఆ తొడుగులు తొడిగిన వ్రేళ్లతోనే వాయించెను.

ఉపసంహారము

అయోమీ జీవితమునుండి తేలు విషయములు మూడు. హెవీ మెటల్ కేవలము రొద కాదు. కార్మికనగరమున పెరిగినవారు తమ అనుభవమును భయానకరసముగా మలచిన సంగీతము. దాని పుట్టుక ఒక్క ప్రమాదమునకు ఫలము కాదు. నలువురి కృషి, బ్లూస్ వారసత్వము, ఒక నగరపు జీవితము అందు చేరినవి. ప్రమాదము విషయమున కొనియాడదగినది యంత్రమును కాదు, విధిని కాదు. వైద్యులు చెప్పిన తీర్పును అంగీకరింపక తన వ్రేళ్లను తానే చేసికొన్న పదునేడేండ్ల పనివాని చేతిపనిని.

పూర్వుల వాద్యము మారును, భాష మారును, శ్రుతియు మారును. పరాయిగడ్డపై తరములు గడపిన జాతులన్నియు ఎఱిగిన విషయమే యిది. పోయినదానికై వగచుచు కూర్చున్నవాని ఇంట పాట ఆగిపోవును. ఉన్న వ్రేళ్లకు తగినట్లు తీగలు సవరించుకొన్నవాని ఇంట అది సాగును. ఆ పాట తాతలు పాడిన పాట కాకపోవచ్చును గాని, ఆ ఇంటి పాటయే యగును.